పాపకు ఏ నీళ్లు: టిన్నువా, కంపెనీ బాటిల్‌వా, కాచిన కుళాయి నీళ్లా?

అమ్మా, మీరు అడిగింది ఇది. గుంటూరు బ్రాడీపేటలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. మునిసిపల్ కుళాయి ఉన్నా ఏళ్ల తరబడి ఇంటిల్లిపాదీ ఇరవై లీటర్ల టిన్ను నీళ్లే తాగుతున్నారు. పాపకు ఏడో నెల వచ్చింది, అన్నప్రాశన అయింది, మెత్తని అన్నంతో పాటు కాసిని నీళ్లు కూడా పట్టాల్సి వస్తోంది. అత్తగారు కుళాయి నీళ్లు కాచి చల్లార్చి పట్టమంటున్నారు. మీవారు సీలు ఉన్న కంపెనీ బాటిల్ తప్ప ఇంకేదీ వద్దంటున్నారు. టిన్ను వేసే అబ్బాయి మీటరు ముంచి, "టీడీఎస్ 30 మేడమ్, ఇంతకన్నా మంచి నీళ్లు గుంటూరులో దొరకవు" అని చూపించి వెళ్లాడు. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదన్నారు.

అత్తగారి మాట నమ్మండి. దానికి ఒక షరతు ఉంది, అది తర్వాత చెబుతాను. ముందు కారణం వినండి.

విజయవాడలో తాగునీటి పరీక్షలు చేసే ప్రయోగశాలలో మైక్రోబయాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. ఆస్పత్రులు, హాస్టళ్లు, అపార్ట్‌మెంట్లు, వాటర్ ప్లాంట్లు పంపిన నమూనాలు చూడటమే నా ఉద్యోగం. సీసా చేతికిస్తూ దాదాపు ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే: "టీడీఎస్ ఎంత వచ్చింది?" మురుగు కలిసిందేమో చెప్పే కోలిఫామ్ బ్యాక్టీరియా ఉందా అని అడిగినవారు బహు అరుదు. మన రెండు ఊళ్లలోనూ నీళ్ల మంచి చెడ్డలను నిర్ణయించేది మూడే: నీళ్లు తేటగా ఉన్నాయా, నాలుకకు తియ్యగా తగులుతున్నాయా, మీటరు మీద అంకె చిన్నదిగా ఉందా. జబ్బు తెచ్చే నీళ్లు ఈ మూడింటిలోనూ నూటికి నూరు మార్కులు తెచ్చుకోగలవు. నా బాధంతా అక్కడే.

టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, క్లోరైడ్, బైకార్బనేట్ వంటివన్నీ కలిపి లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని చెబుతారు. ఆ చేతి మీటరు నిజానికి కొలిచేది నీళ్లలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతోందన్నదే. బ్యాక్టీరియా గానీ వైరస్ గానీ దానికి ఆనవు. టిన్నుడు ఆర్వో నీళ్లలో, అంటే అతి సన్నని పొరతో లవణాలు వడకట్టిన నీళ్లలో, ఒక చెంచా మురుగునీరు కలిపి చూడండి, మీటరు అంకె 30 దగ్గరే ఉంటుంది. ఆ నీళ్లు తాగిన బిడ్డ మాత్రం ఆస్పత్రి పాలు కావచ్చు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500 వరకు నిక్షేపంగా తాగవచ్చు, వేరే నీటి వసతి లేని చోట 2000 వరకు అనుమతి ఉంది. 30 ఉంటే అమృతం, 300 ఉంటే విషం అన్న లెక్క ఆ ప్రమాణంలో ఎక్కడా లేదు. పైగా 2019 మేలో జాతీయ హరిత ట్రైబ్యునల్, టీడీఎస్ 500 కన్నా తక్కువ ఉన్న ప్రాంతాల్లో ఆర్వో యంత్రాల వాడకాన్ని నిషేధించాలని కేంద్ర పర్యావరణ శాఖకు చెప్పింది. ఆర్వో యంత్రం పారబోసే నీళ్లు, దాంతో పాటు పోగొట్టే ఖనిజాలు, రెండూ అందుకు కారణాలే.

ఇక టిన్ను సంగతి. ప్లాంటులో బోరు నీటిని ఇసుక వడపోత గుండా, బొగ్గు పొర గుండా, ఆపైన ఆర్వో పొర గుండా పంపిస్తారు. చివర్లో అతినీలలోహిత కాంతిగానీ ఓజోన్‌గానీ ఇస్తారు. ఆర్వో పొర సరిగా ఉన్నంత కాలం దాన్ని దాటి వచ్చిన నీరు శుభ్రంగానే ఉంటుంది. గొడవంతా ఆ తర్వాత మొదలవుతుంది. ముందు క్లోరిన్ కలిపినా బొగ్గు పొర దాన్ని పీల్చేస్తుంది. ఓజోన్ కాసేపట్లో ఆక్సిజన్‌గా మారిపోతుంది. అంటే టిన్నులోకి దిగేసరికి ఆ నీరు కాపలా లేని ఇల్లు. తర్వాత ఏ చెయ్యి తగిలినా, ఏ మూత తగిలినా, అక్కడ చేరిన సూక్ష్మజీవిని చంపేందుకు అందులో ఏమీ మిగిలి ఉండదు.

ఆ టిన్ను ఎక్కడెక్కడ తిరిగి వస్తుందో ఆలోచించండి. ఒక వారం మీ వంటింట్లో, ఇంకో వారం టిఫిన్ సెంటర్లో, మరో వారం కట్టుబడి జరుగుతున్న చోట ఇసుక కుప్ప పక్కన. లైసెన్సు లేని ప్లాంట్లలో దాన్ని కడిగే పద్ధతి నేను దగ్గరుండి చూశాను. గొట్టంతో కాసిని నీళ్లు పోస్తారు, రెండుసార్లు గుండ్రంగా ఊపుతారు, పారబోస్తారు. బ్రష్షు లోపలికి పోదు. మెడ దగ్గర, పిడి మలుపులో నీళ్లు తగలని చోటు ఎప్పటికీ అలాగే ఉంటుంది. నింపుతుండగా గొట్టం చివర నేల మీద పడితే మళ్లీ తీసి అదే టిన్నులో పెడతారు. తడి చేతితోనే మూత నొక్కుతారు. తర్వాత ఎత్తే మనిషి మెడ చుట్టూ వేళ్లు బిగించి పట్టుకుంటాడు, ఎందుకంటే పట్టుకోవడానికి అదే వీలైన చోటు. మీ ఇంట్లో టిన్ను బోర్లించినప్పుడు ఆ వేళ్లు తగిలిన మెడ మీదుగానే నీరు దిగుతుంది.

మీరే చూడాలనుకుంటే, టిన్ను ఖాళీ అయ్యాక మెడ లోపలి అంచును వేలితో ఒకసారి రాయండి. జిగట లేకుండా తగలాలి. జారుగా, జిగటగా తగిలితే అది బ్యాక్టీరియా కట్టుకున్న పాచి. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాకు ఇలాంటి చోట్లంటే మహా ఇష్టం. లవణాలు, పోషకాలు పెద్దగా లేని ఆర్వో నీటిలో కూడా అది హాయిగా పెరుగుతుంది. ఆరోగ్యవంతుడైన పెద్దవాడిని అది పెద్దగా ఏమీ చేయకపోవచ్చు. పసిపిల్లలకు, పుండ్లు ఉన్నవారికి, క్యాన్సర్ మందులు వాడుతున్నవారికి మాత్రం దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ప్యాకేజ్డ్ తాగునీటికి ఉన్న ఐఎస్ 14543 ప్రమాణంలో, 250 మిల్లీలీటర్ల నమూనాలో ఈ బ్యాక్టీరియా ఒక్కటి కూడా కనిపించకూడదని రాశారంటే అందుకే.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. బ్యాక్టీరియా పరీక్ష ఫలితం తేలడానికి ఇరవై నాలుగు నుంచి నలభై ఎనిమిది గంటలు పడుతుంది. పొద్దున నింపి మధ్యాహ్నానికి మీ గుమ్మంలో దింపిన టిన్నుకు ఆ పరీక్ష జరిగి ఉండే అవకాశమే లేదు. నిబంధన ప్రకారం నడిచే ప్లాంటుకు సొంత ప్రయోగశాల ఉంటుంది, చదువుకున్న మైక్రోబయాలజిస్టు ఉంటారు. నింపిన సరుకును ఫలితం వచ్చేదాకా గోదాములో ఆపుతారు. ఆ ఖర్చంతా పెట్టుకుని ఇరవై రూపాయలకు టిన్ను ఇంటికి తెచ్చి వేయడం ఎలా సాధ్యమో మీరే లెక్క వేసుకోండి.

అలాగని కుళాయిని నేను వెనకేసుకు రావడం లేదు. గుంటూరు నగరానికి వచ్చేది కృష్ణ నీరు. తక్కెళ్లపాడు, సంగం జాగర్లమూడి కేంద్రాల్లో పటికతో తేర్చి, వడకట్టి, క్లోరిన్ కలిపి వదులుతారు. అక్కడిదాకా బాగానే ఉంటుంది. దారిలో గొట్టాలు మురుగు కాలువల పక్కనుంచి, ఒక్కోచోట కాలువలోంచే పోతాయి. నీళ్లు రోజుకు కొంతసేపే వదులుతారు కాబట్టి మిగతా సమయమంతా గొట్టం ఖాళీగా ఉంటుంది. పగులు ఎక్కడ ఉంటే అక్కడ బయటి మురుగు లోపలికి ఊరుతుంది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలోనూ ఆ చుట్టుపక్కలా కుళాయి నీళ్లలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది, ప్రాణాలు పోయాయి. ఆ రోజుల తర్వాత కుళాయి అంటేనే జనానికి భయం పట్టుకుంది. ఆ భయాన్ని నేను తప్పు పట్టను.

కానీ మనం చేసే ఒక పని ఈ ప్రమాదాన్ని పెంచుతోంది. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తాం. గొట్టంలో నీరు తక్కువగా ఉన్నప్పుడు మోటారు లాగితే, పగుళ్లలోంచి పక్కనున్న మురుగును కూడా లాక్కొస్తుంది. అది మన ఇంటికే కాదు, అదే గొట్టం మీద ఉన్న పక్కింటికీ పోతుంది. మీ అపార్ట్‌మెంట్‌లో అలాంటిది ఉంటే దయచేసి తీయించండి. నీళ్లు వదిలిన మొదటి కొన్ని నిమిషాలు వచ్చేవే అన్నిటికన్నా మురికివి. ఆ మొదటి బకెట్లు గిన్నెలు తోముకోవడానికీ ఇల్లు కడగడానికీ వాడి, తర్వాత వచ్చేవి తాగడానికి పట్టుకోండి.

క్లోరిన్ వాసన గురించి కూడా చెప్పాలి. "కుళాయి నీళ్లు మందు వాసన వస్తున్నాయి, అందుకే టిన్ను వేయించుకుంటున్నాం" అనేవారు వీధికి పదిమంది ఉంటారు. ఆ కొద్దిపాటి వాసన ఉన్న రోజే ఆ నీళ్లు భద్రం. చిట్టచివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం. వాసన బొత్తిగా లేకుండా, కాస్త మట్టి రంగుతో నీళ్లు వచ్చిన రోజున జాగ్రత్త పడాలి. మనవాళ్లు సరిగ్గా దీనికి తలకిందులుగా నడుచుకుంటున్నారు. పట్టిన నీళ్లను మూత పెట్టి కొన్ని గంటలు ఉంచితే వాసన తగ్గిపోతుంది, కాచితే పూర్తిగా పోతుంది.

మీవారి కంపెనీ బాటిల్ సంగతి. పేరున్న కంపెనీ, సీలు చెడని బాటిల్, నీడలో నిల్వ ఉన్నది అయితే అది మీ టిన్ను కన్నా చాలా మేలు. ప్రయాణాల్లో నేను కూడా అదే కొంటాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీటమునిగినప్పుడు జనం దాహం తీర్చినవి పడవల మీద పంచిన ప్యాకెట్లు, బాటిళ్లే. మంచినీటి గొట్టం మీద వరద నిలిచి ఉన్నప్పుడు ఇంకో దారి లేదు. అంతమాత్రాన బాటిల్‌కు మచ్చ లేదనుకోవద్దు. 2003లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ ఢిల్లీ, ముంబై ప్రాంతాల్లో అమ్ముతున్న బాటిళ్లను పరీక్షిస్తే పురుగుమందుల అవశేషాలు బయటపడ్డాయి. ఏ ఒక్క పురుగుమందూ లీటరుకు 0.0001 మిల్లీగ్రాము దాటకూడదు, అన్నీ కలిపి 0.0005 దాటకూడదు అన్న కఠినమైన నియమం ఆ గొడవ తర్వాతే వచ్చింది. ప్లాస్టిక్ రేణువుల విషయం ఇటీవలిది. 2018లో తొమ్మిది దేశాల్లో కొన్న 259 బాటిళ్లను పరీక్షిస్తే 93 శాతం వాటిలో అవి కనిపించాయి, ఆ దేశాల్లో మనదీ ఉంది. అవి ఒంట్లో ఏం చేస్తాయన్న దానిపై పరిశోధన సాగుతోంది. నాకైతే బాటిళ్లను ఎండలో పేర్చిన దుకాణం చూస్తే ఆందోళన. మన రోహిణి కార్తె ఎండకు ప్లాస్టిక్ వేడెక్కేకొద్దీ అందులోంచి ఆంటిమొనీ వంటి పదార్థాలు నీటిలోకి దిగడం పెరుగుతుంది. అలాంటి చోట కొనకండి, ఎండలో ఆపిన కారులో మిగిలిపోయిన బాటిల్ నీళ్లు తాగకండి.

బాటిల్ మీద గుర్తుల విషయంలో ఈ మధ్య ఒక మార్పు వచ్చింది. 2001 నుంచి ఐఎస్ఐ మార్కు లేకుండా ప్యాకేజ్డ్ తాగునీరు అమ్మడం నేరంగా ఉండేది. 2024 అక్టోబరులో ఆ తప్పనిసరిని తీసేశారు. నవంబరు చివరిలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఈ నీటిని అధిక ప్రమాదం గల ఆహారాల జాబితాలో చేర్చి, ఏటా తనిఖీ జరగాలంది. అంటే ఇప్పుడు మీరు తప్పకుండా చూడాల్సింది పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు. ఐఎస్ఐ మార్కు కూడా ఉంటే ఇంకా మంచిది. దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే నంబరును, ఆ మార్కు ఇచ్చే సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఆ ప్లాంటు పేరు, చిరునామా వస్తాయి. మీ టిన్ను మీద ఈ రెండింటిలో ఒక్కటీ లేకపోతే, ఆ నీళ్లకు రేపు జవాబు చెప్పే మనిషి లేడు.

ఇవాళ పెళ్లిళ్లలో విస్తరి పక్కన చిన్న బాటిల్ పెట్టకపోతే మర్యాద తగ్గినట్టు భావిస్తున్నారు. ఇంటికి వచ్చిన చుట్టానికి చెంబుతో నీళ్లిస్తే, "ఫిల్టర్ నీళ్లేనా?" అని అడిగి గానీ తాగరు. అదే చుట్టం సాయంత్రం విజయవాడ బీసెంట్ రోడ్డులో ఐసు వేసిన చెరకు రసం తాగుతారు, ఆ ఐసు ఏ నీళ్లతో గడ్డకట్టిందో అడగరు. నన్ను ఎక్కువగా కలచివేసేది మాత్రం వేరే ఉంది. ఒక వీధి మొత్తం టిన్నుకు మారిపోయాక, ఆ వీధిలో కుళాయి నీళ్లు ఎర్రగా వచ్చినా కార్పొరేషన్‌కు ఫిర్యాదు చేసే మనిషి ఉండరు. గొట్టం పగులు అలాగే ఉంటుంది. రోజుకో టిన్ను అంటే నెలకు ఆరు వందలు. అంత పెట్టలేని ఇల్లు, మీ ఇంట్లో పనిచేసే ఆవిడ ఇల్లు, ఆ కుళాయి నీళ్లే తాగుతుంది. 2018లో ఆస్పత్రి మంచాల మీద పడుకున్నది ఎక్కువగా అలాంటి ఇళ్లవాళ్లే. మీరు టిన్ను తాగినా సరే, కుళాయి నీళ్లు పాడైన రోజున ఫిర్యాదు చేయడం మాత్రం మానకండి.

ఇప్పుడు పాపకు ఏం చేయాలి. పల్చటి నూలు బట్టను నాలుగు మడతలు వేసి కుళాయి నీళ్లు వడకట్టండి. నీళ్లు తెర్లి పైకి పొంగడం మొదలయ్యాక ఒక నిమిషం అలాగే ఉంచితే చాలు. పొయ్యి మీద పావుగంట మరిగించనక్కర్లేదు. కాచిన గిన్నెలోనే మూత పెట్టి చల్లారనివ్వండి. వేరే బిందెలోకి వంపితే ఆ బిందెలోని మురికి మళ్లీ చేరుతుంది. పొడవాటి కాడ ఉన్న గరిటెతో తీయండి, గ్లాసు ముంచవద్దు, వేళ్లు తగలనివ్వవద్దు. ఒక రోజుకు మించి ఉంచవద్దు. కాచిన నీటిలో కూడా క్లోరిన్ ఉండదు కాబట్టి, టిన్నుకు చెప్పిన జాగ్రత్త దీనికీ వర్తిస్తుంది. డబ్బా పాలు కలుపుతుంటే నీళ్లు 70 డిగ్రీల వేడి మీద ఉండగానే పొడి కలిపి, తర్వాత చల్లార్చాలి, ఎందుకంటే పొడిలో కూడా సూక్ష్మజీవులు ఉండవచ్చు. బాటిల్ నీళ్లు వాడినా కాచే వాడండి. సీలు ఉన్నంత మాత్రాన అవి ఆపరేషన్ థియేటర్ నీళ్లు కావు. రాగి బిందె, ఇండుప గింజ మన పెద్దవాళ్ల మంచి అలవాట్లే. గింజ అరగదీసి కలిపితే నీరు తేరుకుంటుంది, రాగిలో రాత్రంతా ఉంచితే బ్యాక్టీరియా తగ్గుతుంది. అయినా పసిబిడ్డ విషయంలో వాటితో సరిపెట్టుకోవద్దు.

మొదట చెప్పిన షరతు ఇదీ. మీ అపార్ట్‌మెంట్ సంపులోకి ఒక్క కృష్ణ నీరే వస్తోందా, బోరు నీళ్లు కూడా కలుపుతున్నారా? వాచ్‌మన్‌ను అడగండి. వేసవిలో చాలాచోట్ల రెండూ కలుపుతారు. బోరు నీటిలో నైట్రేట్ ఎక్కువగా ఉంటే కాచడం వల్ల లాభం లేదు సరికదా, నీరు ఆవిరై అది ఇంకాస్త చిక్కనవుతుంది. నైట్రేట్ పసిపిల్లల రక్తం ఆక్సిజన్‌ను మోయకుండా అడ్డుపడుతుంది, పిల్లలు నీలంగా మారతారు. మరీ చిన్న పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ. ఫ్లోరైడ్ కూడా కాస్తే పోదు. పల్నాడు వైపు కొన్ని ఊళ్లలో అదే పెద్ద బెడద.

అందుకే ఒక్కసారి పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ జిల్లా ప్రయోగశాలలో గానీ, ప్రయోగశాలల పనితీరును పరిశీలించే ఎన్ఏబీఎల్ సంస్థ గుర్తింపు ఉన్న ప్రైవేటు ప్రయోగశాలలో గానీ ఇవ్వవచ్చు. టీడీఎస్ ఒక్కటే చేయించుకుని రావద్దు. నైట్రేట్, ఫ్లోరైడ్, కాఠిన్యం, మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా ఇ.కోలై, ఈ నాలుగూ అడగండి. బ్యాక్టీరియా పరీక్షకు మంచినీళ్ల బాటిల్‌లో పట్టుకెళితే పనికిరాదు. వాళ్లిచ్చే శుద్ధి చేసిన సీసాలోనే, కుళాయి మూతిని కాల్చి, కాసేపు నీళ్లు వదిలేశాక పట్టాలి. ఐసు మధ్య పెట్టి అదే రోజు అందించాలి.

లీటరుకు నైట్రేట్ 45 మిల్లీగ్రాముల లోపు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు వస్తే అత్తగారు చెప్పినట్టే నిశ్చింతగా కాచి పట్టండి. ఇ.కోలై కనిపిస్తే కాచడం మానకుండానే సంపు కడిగించి, బ్లీచింగ్ వేయించి, రెండు వారాలకు మళ్లీ పరీక్షకు ఇవ్వండి. నైట్రేట్ గానీ ఫ్లోరైడ్ గానీ హద్దు దాటితే అప్పుడు మీవారి మాటే సరి. బోరు కలపడం ఆగేదాకా పాపకు లైసెన్సు ఉన్న కంపెనీ బాటిల్ నీళ్లే కాచి పట్టండి. రిపోర్టు చేతికొచ్చాక ఆ నాలుగు అంకెలూ నాకు రాయండి, చూసి చెబుతాను.